పన్నెండు బస్తాల లెక్క

పోయిన నెల ఇదే పేజీలో రెండు ముక్కలు రాశాను. 2024లో ప్రపంచంలో దాదాపు 67 కోట్ల మందికి సరిపడా తిండి దొరకలేదని ఐక్యరాజ్యసమితి లెక్క, దానికి పంట చాలకపోవడం కన్నా భూమి ఎవరి చేతిలో ఉంది, అందులో ఏం వేస్తున్నారు అన్నదే పెద్ద కారణం అని. అంతే, ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ మొదలు. తిట్టినవాళ్ళూ ఉన్నారు, విజయనగరంలో గంటస్తంభం దగ్గర టీ కొట్టులో పట్టుకుని దులిపేసినాయనా ఉన్నాడు. కొన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. రాజాం వైపు నుంచి వచ్చిన ఒక ఉత్తరమే నా చోటంతా తినేసింది, మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

"సార్, భూమి పెరగదు, జనం పెరుగుతారు. ఆకలికి కారణం అదే కదా? మధ్యలో భూమి ఎవరిదన్న గొడవ ఎందుకు తెస్తున్నారు?" – డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

నేను చదువుకునే రోజుల్లో మా లెక్చరరు కూడా ఇదే చెప్పేవాడు బాబూ, నేనూ పరీక్షలో అదే రాశాను, మార్కులు కూడా వేశారు. కానీ ఒకసారి ఫోన్‌లో కాలిక్యులేటర్ తియ్యి. వరి, గోధుమ, మొక్కజొన్న, జొన్న అన్నీ కలిపి ప్రపంచంలో ఏటా పండే ధాన్యం సుమారు 280 కోట్ల టన్నులు. జనం 800 కోట్లు దాటారు. భాగిస్తే తలకి ఏడాదికి 340 కిలోల పైమాట, అంటే పళ్ళు రాని పిల్లతో సహా ఒక్కొక్కరికి రోజుకి కిలోకి కాస్త తక్కువ. నువ్వు తినగలవా అంత?

అయితే అందులో నేరుగా మనుషుల కంచంలోకి వచ్చేది సగం లోపే. మూడో వంతు పైగా కోళ్ళకి, పందులకి, పశువులకి దాణా. అమెరికాలో పండే మొక్కజొన్నలో మూడో వంతు పైనే ఇథనాల్ అయి కార్ల ట్యాంకుల్లోకి పోతుంది. అంత దూరం ఎందుకు, రబీ కోతలయ్యాక చీపురుపల్లి, గరివిడి రోడ్డున బస్సులో వెళ్తే తారురోడ్డు మీదే మొక్కజొన్న ఆరబోసి కనిపిస్తుంది, డ్రైవర్లు తిట్టుకుంటూ పక్కనుంచి పోతుంటారు. ఆ గింజ ఆ ఊళ్ళో ఎవరింట్లోనూ ఉడకదు, లారీ ఎక్కి కోళ్ళ మేత అవుతుంది. ఇదివరకు అలాంటి చేలల్లో వరి కోతకి ముందే మినుములో పెసలో చల్లేవాళ్ళు, ఇంటికి ఏడాది పప్పు వచ్చేది. రైతుని తప్పు పట్టడం లేదు, మొక్కజొన్నకి డబ్బు వస్తుంది, మినుముకి తెగులు వస్తుంది. నేను చెప్పేదల్లా ఒకటే, గింజ డబ్బున్న వైపు నడుస్తుంది, ఆకలి ఉన్న వైపు కాదు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1866 కరువులో ఒరిస్సాలో పది లక్షల మంది దాకా పోయారంటారు, మన గంజాం జిల్లా కూడా ఆ దెబ్బ తిన్నది (అప్పట్లో శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట అన్నీ గంజాంలోనే ఉండేవి). ఆ రోజుల్లోనూ దేశం నుంచి ఓడల్లో బియ్యం పోతూనే ఉంది. పదేళ్ళకి ధాత కరువు వచ్చింది, అప్పుడూ అంతే, రైళ్ళు ధాన్యాన్ని రేవులకి మోశాయి. 1943లో బెంగాల్లో ముప్పై లక్షల మంది దాకా చనిపోయారు, ఆ కరువుని చిన్నప్పుడు కళ్ళారా చూసిన అమర్త్య సేన్ తర్వాత లెక్కలు తీసి, గింజలు లేక కాదు, గింజలు కొనే దారి లేక పోయారని చూపించాడు.

"మాంసం మానేస్తే ప్రపంచ ఆకలి తీరుతుందని మా అబ్బాయి యూట్యూబ్‌లో చూసి ఇంట్లో కోడికూర ఆపించాడు. నిజమేనా?" – గృహిణి, బొబ్బిలి

సగం నిజం. ప్రపంచంలో సాగుకీ మేతకీ వాడే భూమిలో మూడొంతుల పైన పశువుల కోసమే పోతుంది, దానివల్ల మనుషులకి అందే కేలరీలు ఐదో వంతు కూడా లేవు. కానీ ఆ భూమిలో చాలా భాగం దున్నడానికి పనికిరాని గడ్డిబీడు, మన కొండవాలులో మేకలు మేసే చోట వరి వెయ్యలేం కదమ్మా. బ్రెజిల్‌లో అడవి కొట్టి సోయా వేసి పందులకి పెట్టడం వేరు, మీ పెరట్లో కోడి వేరు. ఆదివారం కూర వండుకోండి.

"మాస్టారూ, మాకు సెంటు భూమి లేదు. మడ్డువలస కాలవ కింద మూడెకరాలు కౌలుకి చేస్తన్నాం. ఎకరాకి పన్నెండు బస్తాలు శిస్తు. పండినా ఎండినా అంతే. ఎకరాకి ఇరవయ్యెనిమిది బస్తాలు దిగింది ఈ యేడు, మంచి పంటే. అయినా ఇంట్లో తినేది రేషన్ బియ్యమే. ప్రపంచం ఆకలి అని రాశారు, దానికీ నాకూ ఏటి సంబంధం?" – కౌలురైతు, రాజాం దగ్గర

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎకరాకి ఖర్చు పాతిక వేలు అయిందని కూడా రాశారు, దమ్ము, ఊడుపు, ఎరువు, మందు, కోత మిషన్ అన్నీ కలిపి. సరే, లెక్క మీ అంకెలతోనే వేద్దాం.

బస్తా ఎనభై కిలోలు. 2025–26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు, కాబట్టి బస్తా 1,895 చిల్లర. మీకు ఆ ధర పూర్తిగా దక్కిందనే అనుకుందాం, తేమనీ తరుగనీ కోసుకోలేదనే అనుకుందాం (నవ్వకండి). ఇరవయ్యెనిమిదిలో పన్నెండు పోతే పదహారు, అంటే ముప్పై వేల మూడొందలు. పాతిక వేలు ఖర్చు తీసేస్తే ఎకరాకి ఐదు వేల మూడొందలు, మూడెకరాలకి పదహారు వేలు. నారుమడి నాటి నుంచి కళ్ళం దాకా మొగుడూ పెళ్ళాం ఇద్దరి కష్టానికి అది. భూమి యజమానికి మాత్రం కాలికి బురద అంటకుండా ఎకరాకి ఇరవై రెండు వేల ఏడొందల విలువ చేసే ధాన్యం వచ్చింది.

ఇప్పుడు ఇంకో లెక్క. 1956 నాటి మన ఆంధ్రా ప్రాంత కౌలుదారీ చట్టంలో శిస్తుకి హద్దు రాసుకున్నారు, పండినదాంట్లో పాతిక ముప్పై శాతం మించకూడదని. ముప్పై శాతమే తీసుకుందాం. ఇరవయ్యెనిమిది బస్తాలకి అది ఎనిమిదిన్నర లోపు. మీరిచ్చింది పన్నెండు. అంటే ఎకరాకి మూడున్నర బస్తాల పైన అదనం, మూడెకరాలకి దాదాపు పదకొండు బస్తాలు. పదకొండు బస్తాలు మర పట్టిస్తే ఐదున్నర క్వింటాళ్ళ పైనే బియ్యం వస్తాయి. మీ ఇంట్లో నలుగురన్నారు. రోజుకి మనిషికి మూడొందల డెబ్బై గ్రాముల చొప్పున, ఏడాది పొడుగునా, సంక్రాంతికి అరిసెల పిండితో సహా సరిపోయే బియ్యం అవి.

మీ కుటుంబం ఏడాది తిండి, మీ చేత్తో పండించింది, మీ కళ్ళం నుంచే వెళ్ళిపోయింది. సంబంధం అడిగారు కదా, ఇదే.

ప్రపంచమంతా తిరిగినా ఇదే కథ, పేర్లే వేరు. రెండు హెక్టార్ల లోపు కమతాలు ప్రపంచంలోని కమతాల్లో నూటికి 84, వాళ్ళ చేతిలో ఉన్న సాగుభూమి నూటికి 12. పైనున్న ఒక్క శాతం పెద్ద కమతాల చేతిలో 70 శాతం పైన. ఆ పన్నెండు శాతంలోంచే చిన్నవాళ్ళు ప్రపంచం తిండిలో మూడో వంతు దాకా పండిస్తున్నారు. ఆకలితో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఉండేది కూడా వాళ్ళ ఊళ్ళలోనే, వాళ్ళ ఇళ్ళలోనే.

మరి శిస్తు తగ్గించమని గట్టిగా ఎందుకు అడగరు అని పట్నంలో వాళ్ళు అడుగుతారు. మీకు తెలుసు ఎందుకో. అడిగితే వచ్చే ఉగాదికి ఆ చేను ఇంకొకరికి పోతుంది. ఆ పక్కనే పదమూడు బస్తాలిస్తానని ఒకడు నిలబడి ఉంటాడు, వాడూ మీలాంటివాడే, వాడికీ వేరే దారి లేదు. మన రాష్ట్రం 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలురైతుకి సాగుదారు కార్డు ఇస్తారు, పదకొండు నెలలకి, అది ఉంటే పంట రుణానికీ బీమాకీ ఆధారం. కానీ దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయనకి భయం, ఆ కార్డుతో యాజమాన్య హక్కు మారదని చట్టంలోనే ఉన్నా సరే. పీఎం కిసాన్ ఆరు వేలు కూడా పట్టాదారుకే వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా బంధువుల ఊళ్ళో చూశాను, పంట పోయింది ఒకరికి, పరిహారం వచ్చింది ఇంకొకరికి.

దీనికి మందు లేదా అంటే, ఉంది, వేరే చోట్ల వేశారు. తైవాన్‌లో 1949లో శిస్తుని పంటలో 37.5 శాతానికి మించకుండా కట్టేశారు, అంతకుముందు సగం, సగానికి పైన ఉండేది. మీరు 2025లో కట్టింది దాదాపు 43 శాతం. పశ్చిమ బెంగాల్లో 1978 నుంచి బర్గా ఆపరేషన్ అని పెట్టి, అధికారులే ఊళ్ళకి పోయి రాత్రిళ్ళు మీటింగులు పెట్టి కౌలుదార్ల పేర్లు రాసుకున్నారు, పద్నాలుగు లక్షల మంది పేర్లు ఎక్కాయి. యజమాని సంతకం కోసం కౌలుదారే గుమ్మం ముందు నిలబడాల్సిన పద్ధతికీ దానికీ ఎంత తేడా ఉందో చూడండి.

ఒక మాట మాత్రం. యజమానులంతా పాత జమీందార్లు కాదు. విశాఖలో వాచ్‌మన్ పని చేసుకుంటూ ఊళ్ళో ఎకరా కౌలుకిచ్చినాయన ఉంటాడు, మొగుడు పోయిన ఆడమనిషి ఉంటుంది, ఆ పన్నెండు బస్తాలే వాళ్ళకి పింఛను. అందుకే ఇది తిట్టుకుంటే తేలే వ్యవహారం కాదు, ప్రభుత్వం మధ్యలోకి రావాలి.

"రేషన్ ఫ్రీగా ఇస్తున్నారు, ఇంకా ఆకలేంటండీ?" – పేరు వద్దన్నారు, విజయనగరం

ఇస్తున్నారు, మంచిదే, ఆహార భద్రత చట్టం కింద 80 కోట్ల మందికి మనిషికి నెలకి ఐదు కిలోలు, 2023 జనవరి నుంచి ఉచితంగా. అది లేకపోతే పై ఉత్తరం రాసినాయన ఇల్లు ఎలా ఉండేదో ఊహించుకోండి. కానీ బియ్యంతో పొట్ట నిండుతుంది, పిల్లాడు పెరగడు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో 35 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు, మన రాష్ట్రంలో 31 శాతం. ఇదివరకు పొద్దున్నే చోడి (రాగి) అంబలి, గంటెల (సజ్జల) అన్నం, పొలంగట్టు మీద కంది, చెరువులో చేప. అవన్నీ వచ్చేది భూమిలోంచే కదా. భూమి తప్పిపోయినవాడికి బియ్యం ఒక్కటే మిగులుతుంది.

"బీల భూములు బంజరు, పనికిరానివి, కంపెనీకిస్తే ఉద్యోగాలొస్తాయని అప్పట్లో మాకు చెప్పారు. వద్దన్నందుకు అభివృద్ధి వ్యతిరేకులన్నారు. ఇప్పటికీ మా చుట్టాలు కొందరు అదే అంటారు. పట్టా లేని భూమికీ తిండికీ సంబంధం ఉందని వాళ్ళకి ఎలా చెప్పాలి?" – సోంపేట నుంచి ఒక అక్క

మీకు నేను చెప్పేదేముంది అక్కా, మీరే నాకు చెప్పాలి. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. సోంపేట పక్కన వానాకాలం నీళ్ళు నిలిచే పెద్ద చిత్తడి నేల బీల. కాగితం మీద చాలావరకు ప్రభుత్వ భూమి. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం పెడతామన్నారు, చుట్టుపక్కల రైతులూ మత్స్యకారులూ వద్దన్నారు, 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. ఆ నెలలోనే పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ కొట్టేసింది. ప్లాంటు రాలేదు.

ఆ 'బంజరు'లో ఏముందో చుట్టాలకి లెక్క చెప్పండి. పశువులకి గడ్డి, వలకి చేప, చుట్టుపక్కల చేలకి నీరు, బావుల్లో ఊట. దేనికీ రసీదు ఉండదు, అందుకే రికార్డులో కనపడదు. భూమి అందుబాటులో ఉండడం అంటే పట్టా ఒక్కటే కాదు. గేదెని తోలుకెళ్ళే దారి, వల వేసుకునే హక్కు, పుల్లలేరుకునే తోపు, అవి పోయిన ఇంట్లో ఆ రోజు నుంచి ప్రతిదీ కొనుక్కోవడమే.

ఈ 'ఖాళీ భూమి' అన్న మాట ఉందే, దాంతో ప్రపంచమంతా మోసపోయింది. 2008లో ధరలు మండిపోతున్నప్పుడు దక్షిణ కొరియా కంపెనీ దేవూ మడగాస్కర్‌లో 13 లక్షల హెక్టార్లు 99 ఏళ్ళకి తీసుకోబోయింది, మొక్కజొన్న, పామాయిల్ పండించి పట్టుకుపోవడానికి. ఆ దేశంలో దున్నదగ్గ భూమిలో దాదాపు సగం అంటారు, పైగా అక్కడివాళ్ళే విదేశీ తిండి సాయం మీద బతుకుతున్నారు. జనం తిరగబడ్డారు, 2009లో ప్రభుత్వం పడిపోయింది, కొత్తగా వచ్చినాయన ఒప్పందం లేదు పొమ్మన్నాడు. మనవాళ్ళూ ఏం తక్కువ తినలేదు. గులాబీలు పండించే బెంగళూరు కంపెనీ ఒకటి ఇథియోపియాలో గాంబెల్లా వెళ్ళి లక్ష హెక్టార్లు తీసుకుంది, వరదలొచ్చాయి, అప్పులయ్యాయి, సాగు చేసింది పిసరంత, చివరికి అక్కడి ప్రభుత్వం ఒప్పందం రద్దు చేసింది. ఈలోపు అక్కడ పశువులు తోలుకునేవాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు.

"నా పెళ్ళిలో పసుపు కుంకుమ కింద ఎకరా ఇచ్చారు, నోటిమాటే. అన్నయ్యే చేసుకుంటున్నాడు, సంక్రాంతికి ఒక బస్తా పంపిస్తాడు. రాయించుకోమని మా ఆయన పోరు. అన్నయ్య మొహం చూస్తే నాకు మాట రాదు. ఇది కూడా మీ పేజీకి సంబంధించిందేనా?" – నరసన్నపేట

సంబంధించిందేనమ్మా, పైగా దీని గురించే ఎవరూ రాయరు. నాట్లు వేసేది ఆడవాళ్ళు, కలుపు తీసేది ఆడవాళ్ళు, 2015–16 వ్యవసాయ గణనలో మాత్రం ఆడవాళ్ళ పేరున ఉన్న కమతాలు దేశం మొత్తం మీద నూటికి పద్నాలుగు. అప్పు కావాలంటే పేరు కావాలి, నష్టపరిహారం కావాలంటే పేరు కావాలి. కూతుళ్ళకి సమాన వాటా అని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, 2005 దాకా ఆగి కేంద్రం చేసింది, ఆ విషయంలో మనం ముందే ఉన్నాం, కాగితం మీద.

నోటిమాట దానం రిజిస్టరు కాకపోతే నిలబడడం కష్టం. ముందు ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో అడంగల్, వన్‌బీ రికార్డులు తీయించి ఎవరి పేరు ఉందో చూడండి. తర్వాత అన్నయ్యతో మీరే మాట్లాడండి, మీ ఆయన్ని పంపకండి, అక్కడే చెడుతుంది. సాగు నువ్వే చేసుకో, పేరు మాత్రం నాది పెట్టించు అని అడగండి. అన్నయ్య పిల్లలు పెద్దవాళ్ళయితే ఈ మాట అనడం ఇంకా కష్టం.

"సీతంపేట కొండల్లో మాది. పోడులో చోళ్ళు, సామలు, కందులు వేస్తాం. అంతా జీడి వేసుకోండి డబ్బొస్తుందని అంటున్నారు. వెయ్యమంటారా?" – ఒక గిరిజన యువకుడు

వెయ్యి, కానీ మొత్తం వెయ్యకు. జీడి డబ్బు ఏడాదికి ఒక్కసారి వస్తుంది, వేసవిలో, ధర చెప్పేది షావుకారు. చోడి నీ ఇంటి గాదెలో ఉంటుంది, దానికి ధర నీ ఆకలే చెబుతుంది. వాలు ఎక్కువ ఉన్న చోట జీడి, కాస్త చదునుగా ఉన్న చోట గింజలు ఉంచుకో. ఇంకా ముఖ్యం, 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చిందా లేదా చూసుకో. 1/70 చట్టం ఉంది కాబట్టి గిరిజనేతరులకి ఆ భూమి పోదనుకోకు, అమ్మకపోయినా అప్పు కింద జీడితోట ఫలసాయం రాసిచ్చేస్తే చెట్టు నీది, కాయ వాడిది.

"భూమి పంచేస్తే ఆకలి తీరుతుందని గ్యారంటీ ఇస్తారా?" – రిటైర్డు టీచరు, పాలకొండ

ఇవ్వను మాస్టారూ. జింబాబ్వేలో 2000 నుంచి తెల్లవాళ్ళ ఫారాలు హడావుడిగా లాక్కుని పంచారు, విత్తనం, అప్పు, నీళ్ళు చూసుకోలేదు, చాలావరకు పలుకుబడి ఉన్నవాళ్ళే మంచివి పట్టుకున్నారు, పంట పడిపోయింది. దక్షిణ కొరియా, తైవాన్ భూమితో పాటు ఎరువు, పరపతి, కాలవ కూడా ఇచ్చాయి. భూమి ఇవ్వకుండా కాలవ తవ్వినా అంతే, నీళ్ళొచ్చాక శిస్తు రెండు బస్తాలు పెరుగుతుంది.

"ఇన్ని చెబుతున్నారు, మీకెంత ఉంది? మీరు సాగు చేస్తున్నారా?" – టీ కొట్టులో దులిపేసినాయన

చెయ్యను. ఎనభై సెంట్లు ఉంది, నాన్న ఇచ్చింది. పదేళ్ళుగా ఊళ్ళో ఒకతనికి కౌలుకిచ్చాను, ఎనిమిది బస్తాలు తీసుకుంటాను. అతనికి ఇరవై రెండు దాకా దిగుతుంది, పైన వేసిన లెక్క ప్రకారం ఏడు లోపే తీసుకోవాలి. రాజాం ఉత్తరానికి జవాబు రాస్తూ ఉండగా ఇది నాకే తగిలింది. రెండేళ్ళ క్రితం కార్డుకి సంతకం అడిగితే మా తమ్ముడు వద్దని గోల చేశాడు, నేనూ చూద్దాంలే అని జరిపేశాను. మొన్న వెళ్ళి సంతకం పెట్టాను. శిస్తు సంగతి కూడా సంక్రాంతి లోపు మాట్లాడుకుందాం అన్నాను. అతను నవ్వి, ముందు కోతలు కానివ్వండి అన్నాడు.